ఆయన లేరండి

ఆ రోజు పొద్దున్న ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనానికి కూతురు వచ్చేలోగా భర్త ఈమెయిలు ఖాతా మూసేయాలి. ఆయన చొక్కాలు అంతకుముందే మూటగట్టి ఇచ్చేసింది. కళ్ళజోళ్ళు కంటి ఆసుపత్రికి పంపింది. ఆయన ఫోను కనెక్షను కూడా తీయించేసింది. మిగిలింది కంప్యూటరు. కాఫీ కలుపుకొచ్చి, ఆయన కూర్చునే కుర్చీ జోలికి పోకుండా, పక్కన స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది.

ఆయన్ని ఆ వీధిలో అందరూ కొలతలాయన అనేవారు. తూనికలూ కొలతలూ సరిచూసే ప్రయోగశాలలో థర్మామీటర్ల విభాగంలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు థర్మామీటరు ఆయన దగ్గరికి వచ్చేది, తర్వాతే రోగి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. "జ్వరం మీవాడిక్కాదు, మీ థర్మామీటరుకి" అని తిప్పి పంపిన సందర్భాలూ ఉన్నాయి. ఉద్యోగం అయిపోయాక కొలతల శాస్త్రం మీద వచ్చే ఒక పత్రికకు పరిశీలకుడిగా ఉండేవారు. అంటే, పరిశోధకులు పంపిన వ్యాసం చదివి, అచ్చు వేయొచ్చో లేదో చెప్పే పెద్దమనిషి అన్నమాట. చివర్లో చూపు మందగించాక వ్యాసం ఆవిడే చదివి వినిపించేది, ఆయన చెప్పింది ఆవిడే టైపు చేసేది. ఆవిడకదేం కొత్త కాదు. మునిసిపాలిటీ ఆఫీసులో టైపిస్టుగా ఉద్యోగమంతా ఎవరో అన్నది అక్షరం పొల్లుపోకుండా కొట్టడమే ఆవిడ పని.

కొలతలాయన చలికాలం చివర్లో, చిన్న జబ్బుతోనే ఆసుపత్రికి వెళ్ళి, చనిపోయారు. ఈ చివరి మాట మనం అన్నంత తేలిగ్గా ఆవిడ అనలేకపోయింది. ఆ రోజు కూతురికి ఫోను చేసి "నువ్వు రా" అని మాత్రమే అంది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో "ఆయన లేరు" అంది, "వెళ్ళిపోయారు" అంది. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. వచ్చినవాళ్ళకు ఎలాగూ తెలుసు గనక ఎవరూ పట్టించుకోలేదు.

కంప్యూటరు తెరవగానే పత్రికవాళ్ళ మెయిలు పైనే ఉంది. "ఈ వ్యాసాన్ని పరిశీలించగలరా?" అని అడిగి, కింద రెండు గళ్ళు ఇచ్చారు: "సమ్మతమే", "వీలుపడదు". ఆవిడ "వీలుపడదు" నొక్కింది. కారణం చెప్పమంది యంత్రం. తీరిక లేదు, ఇది నా రంగం కాదు, రచయిత నాకు బంధువు. ఈ మూడింట్లో ఒకటి ఒప్పుకుంటే గాని తెర కదిలేలా లేదు.

ఆవిడ ఆలోచించింది. తీరిక లేదనడానికి లేదు, ఆయనకిప్పుడున్నంత తీరిక ఎవరికుంటుంది? రంగం కాదందామా అంటే వ్యాసం థర్మామీటర్ల మీదే. రాసినమ్మాయి బంధువూ కాదు. ఆయన పేరు మీద అబద్ధమాడటానికి మనసొప్పలేదు. వెనక్కి వచ్చి "సమ్మతమే" నొక్కితే ఎవరైనా మనిషి పలుకుతాడేమో, చెప్పుకోవచ్చు అనుకుని నొక్కింది. "ధన్యవాదాలు. మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తుంటాం" అంది తెర. ఇంతలో కూతురు తలుపు కొట్టింది. ఆవిడ కంప్యూటరు కట్టేసి లేచింది.

ఎదురుచూస్తామన్నవాళ్ళు ఊరికే చూడలేదు. వారం తిరక్కుండా ఒక మెయిలు, ఆపైన ఇంకొకటి, ఆపైన కాస్త గొంతు పెంచి మరొకటి. చివరికి ఇంటి ఫోను మోగింది. పత్రిక ఉపసంపాదకుడట. గొంతు చూస్తే మెత్తటి మనిషిలా ఉన్నాడు.

"అమ్మా, సార్ ఉన్నారా?"

"ఆయన లేరండి."

"ఎప్పుడొస్తారు?"

"రారు బాబూ."

"అంటే, ఇవాళ రారా?"

"ఇంక రారు. వెళ్ళిపోయారు."

"ఎక్కడికమ్మా?"

"ఏం చెప్పమంటావు బాబూ! ఒక్క మాటైనా చెప్పకుండా, ఇంత వయసొచ్చాక నన్నొక్కదాన్ని వదిలేసి వెళ్ళిపోయారు."

"అయ్యయ్యో... పిల్లలెవరూ ఆపలేదామ్మా?"

"ఆపితే ఆగేదా? మా అమ్మాయే దగ్గరుండి సాగనంపింది."

"కూతురా? సాగనంపిందా?"

"మరి ఇంకెవరున్నారు బాబూ మాకు?"

ఉపసంపాదకుడు మాట మార్చాడు. "మరి మా వ్యాసానికి సమ్మతమేనని పంపారే?"

"అది... పొరపాటున..."

"లేదమ్మా, ఎక్కడున్నా మా పని మాత్రం మరిచిపోలేదన్నమాట! ఆ వ్యాసం మీద ఒకమ్మాయి డాక్టరేటు పట్టా ఆగిపోయి ఉంది. మీరు ధైర్యంగా ఉండండమ్మా." ఇంకొకరి సంసారంలోకి తొంగిచూశానన్న సిగ్గుతో అతను గబగబా ఫోను పెట్టేశాడు.

పెట్టేసి ఏం చేశాడో ఆవిడకు చాలాకాలం తర్వాత గాని తెలియలేదు. తిన్నగా ప్రధాన సంపాదకుల గదిలోకి వెళ్ళి, కొలతలాయన ఈ వయసులో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడని, కన్నకూతురే అందుకు సాయపడిందని, ముసలావిడ కుమిలిపోతోందని చెప్పాడు. ప్రధాన సంపాదకులు కళ్ళజోడు తీసి, "ఈ వయసులోనా!" అన్నారు. ఆ అనడంలో కోపం కొంత, ఇంకేదో కొంత ఉంది. తర్వాత, "మన పనైతే ఆపలేదుగా? మనకి కావాల్సింది అది. పంపుతూ ఉండండి" అన్నారు. ఆయనకు ఆ ఏడాది ఎలాగైనా పత్రికలో ప్రగతి చూపించాలని పట్టుదల. వచ్చిన వ్యాసాలు పరిశీలకుల దగ్గర మూలుగుతున్నాయని పాలకమండలి అప్పటికే చీవాట్లు పెట్టింది.

ఇక్కడ ఆవిడకు ఆ అమ్మాయి పట్టా మాట గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్న స్టూలు మీద కూర్చుని వ్యాసం తెరిచింది. పైకి చదివింది, ఆయనకు వినిపించినట్టే. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎప్పుడూ అయ్యేదీ కాదు. చదవడం అయ్యాక అలవాటుగా ఆగింది. ఆయన అనే మాటలు చెవిలో వినపడ్డట్టే అయింది, ఎందుకంటే ఏ వ్యాసానికైనా ఆయన అనేవి ఇంచుమించు అవే. వేళ్ళు వాటంతట అవే కదిలాయి: "కొలత శ్రద్ధగా చేశారు. కానీ ఇందులో ఎంత తప్పు ఉండొచ్చో చెప్పలేదు. ఎంత తప్పొచ్చో చెప్పనివారు కొలిచినట్టు కాదు, ఊహించినట్టు. గదిలో థర్మామీటరు ఎక్కడ పెట్టారు? మళ్ళీ కొలవండి."

టైపు చేయడం అయ్యాక ఆవిడ పక్కకి తిరిగి చూసింది. ఆయన పక్క కుర్చీలో ఉండి, చెప్పడం ముగించి, "అంతే, పంపించెయ్" అన్నట్టే ఉంది. పంపించేసింది.

అదిగో, అక్కడ మొదలైంది. అభిప్రాయం ఇంత త్వరగా వచ్చేసరికి యంత్రం ముచ్చటపడి ఇంకో వ్యాసం పంపింది. ఆవిడ "సమ్మతమే" అంది. దాని తర్వాత మరొకటి. వేరే పరిశీలకులు నెలల తరబడి పలకరు, కొలతలాయన వారంలో పలుకుతారు. దాంతో కాంతి మీద వ్యాసాలు, బరువుల మీద వ్యాసాలు, ఆయన జన్మలో చూడని యంత్రాల మీద వ్యాసాలు, అన్నీ ఆ ఇంటికే దారి పట్టాయి. అన్నిటికీ ఆవిడ అదే సమాధానం, మాటలు అటూ ఇటూ మార్చి పంపింది. కాంతి వేగం గురించి రాసిన ఒకాయన్ని కూడా థర్మామీటరు ఎక్కడ పెట్టారని అడిగింది. దానికాయన, "పరిశీలకుల లోతైన సూచనకు కృతజ్ఞులం. మా గదిలో థర్మామీటరు లేదు. కొత్తది తెచ్చి తలుపు పక్కన పెట్టాం" అని వినయంగా జవాబు రాశాడు.

చేస్తున్నది తప్పని ఆవిడకు తెలియదా అంటే, తెలియదనలేం. తెలుసుకోదలచలేదు. వ్యాసం వచ్చిన పొద్దున ఇంట్లో ఆయన మాట వినపడేది. రాని పొద్దున గోడ గడియారం వినపడేది.

ఉపసంపాదకుడు అప్పుడప్పుడు ఫోను చేసి యోగక్షేమాలు కనుక్కునేవాడు. "సార్ దగ్గర్నుంచి కబురేమైనా ఉందామ్మా?" అని ఒకసారి నసిగాడు.

"మొన్న కలలో కనబడ్డారు బాబూ. ఏం మాట్లాడలేదు."

"బాధపడకండమ్మా. ఎప్పటికైనా తిరిగొస్తారు."

"ఆ... ఏ రూపంలోనో."

"ఏ రూపంలో వచ్చినా మీరు మాత్రం తలుపు తీయండి. పాతవన్నీ తవ్వకండి."

ఈ కాలం కుర్రాడికి ఎంత వేదాంతమో అనుకుంది ఆవిడ. ఇలాంటి మనసున్న ఇల్లాలిని వదిలి వెళ్ళాడే అనుకున్నాడు అతను. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని ఫోన్లు పెట్టేశారు.

అలా ఏడాది తిరిగింది. ఒక ఆదివారం కూతురు వచ్చేసరికి పత్రిక కొత్త సంచిక బల్ల మీద ఉంది. కూతురు పళ్ళ డాక్టరు, ఏదీ నానబెట్టే రకం కాదు. నిలబడే సంపాదకీయం పైకి చదవడం మొదలుపెట్టింది. "ప్రగతి పథంలో ఒక ఏడాది" అని శీర్షిక. "వ్యాసాల పరిశీలనకు పట్టే కాలం ఈ ఏడాది సగానికి తగ్గింది. రచయితలలో క్రమశిక్షణ పెరిగింది. ఈ ఘనతలో సింహభాగం మా ఉత్తమ పరిశీలకులది. సంసార జీవితంలో తుపానులు చెలరేగినా, మలివయసులో ఇల్లు విడిచిపోవలసి వచ్చినా, విధిని మాత్రం విడువని ఆ పెద్దమనిషిని మా వార్షిక సభలో సన్మానిస్తున్నాం. వారే..." అక్కడ ఆగి పేరు చూసింది. మళ్ళీ చూసింది.

"అమ్మా, ఇది నాన్న పేరు."

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తుడుస్తూ ఉండిపోయింది.

"నాన్న ఇల్లు విడిచి ఎప్పుడు వెళ్ళారు?"

"నేనలా అన్లేదే బుజ్జీ. వెళ్ళిపోయారన్నానంతే."

"వీళ్ళు నాన్న ఎవరితోనో లేచిపోయారనుకుంటున్నారమ్మా!"

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకోలేక కుర్చీలో కూలబడి నవ్వింది. తల్లి చెప్పుకొచ్చిందంతా వింటూ, థర్మామీటరు సంగతి దగ్గర పొట్ట పట్టుకుంది. కానీ తల్లి, "వ్యాసం చదవగానే ఆయన చెప్తున్నట్టే ఉంటుందే, నేను కొట్టడమే" అనేసరికి ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఏడాదిగా నాన్న నీతో మాట్లాడుతున్నారన్నమాట."

"అంటే..."

"ఒక్కసారి నన్ను కూడా పిలవాల్సింది కదమ్మా. నేనూ వినేదాన్ని."

పనులు చక్కబెట్టిన కూతురు, ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టిన కూతురు, గట్టిదనుకుంది ఆవిడ. ఆ గట్టితనం ఎంత బరువో అడగనే లేదు. గ్లాసు కింద పెట్టి, బల్లకి ఇవతల కూతురికి ఎదురుగా కూర్చుంది. చివరికి కూతురే అంది, "సన్మానానికి వెళ్దాం. నువ్వే చెప్పాలి. ఫోనులో వద్దు, నీ ఫోను మాటలు చూశాంగా."

సభ పత్రిక ఆఫీసు పై అంతస్తులో. ఇనప కుర్చీలు, కిర్రుమనే ఫ్యాన్లు, వేదిక మీద ఒక బల్ల. మెట్ల దగ్గరే ఉపసంపాదకుడు ఎదురొచ్చాడు. ఆవిడ ఎవరో తెలియగానే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరొచ్చారా అమ్మా! ఆయన కూడా వస్తారేమో ఇవాళ. మిమ్మల్ని ఈ చివర కూర్చోబెడతాను, ఆయన్ని ఆ చివర. మీ ఇద్దరికీ నేను తర్వాత మెల్లగా మాట కలుపుతాను." కూతురి వైపు తిరిగి, గొంతు మార్చి, "తమరేనా సాగనంపింది?" అన్నాడు.

కూతురు ఏదో అనబోతే తల్లి చెయ్యి నొక్కింది.

ప్రధాన సంపాదకులు అరగంట పైగా ప్రగతి గురించి మాట్లాడారు. చివరికి జ్ఞాపిక చేతిలోకి తీసుకుని కొలతలాయన పేరు పిలిచారు. అందరూ తలలు తిప్పి తలుపు వైపు చూశారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలవబోతుండగా, ఈ చివర కుర్చీలోంచి ఆవిడ లేచింది. లేచింది గాని మాట రాలేదు. పక్కన కూతురు కూడా లేచి నిలబడింది.

"మా ఆయన చనిపోయారు."

హాల్లో వినపడింది. ముందు వినపడ్డది ఆవిడకే. అయినా ఆగలేదు.

"కిందటేడు చలికాలంలో చనిపోయారు. ఆ అభిప్రాయాలన్నీ నేను రాశాను. ఆయన మాటలే, కానీ ఆయన రాయలేదు. తప్పు నాది. ఈ బాబుది కాదు."

ఉపసంపాదకుడు పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు. అతని పెదాలు కదులుతున్నాయి. "కలలో కనబడ్డారంటే..." అని తనలో తను గొణుక్కుంటున్నాడు.

"మరి ఇంటి నుంచి వెళ్ళిపోయారని..." అన్నారు ప్రధాన సంపాదకులు మైకులోనే.

"ఆసుపత్రి నుంచండీ" అంది కూతురు.

ప్రధాన సంపాదకులు సభలు నడిపి పండిపోయిన మనిషి. సంతాపంగా తల వంచి, తగినంతసేపు ఉంచి, ఎత్తి, "ఈ పరిస్థితిలో రెండో స్థానంలో ఉన్న ఆచార్యులవారిని ఆహ్వానిస్తున్నాను" అన్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన కోటు సర్దుకుంటూ లేచారు. జ్ఞాపిక అందించబోతూ ప్రధాన సంపాదకులకు అనుమానం వచ్చింది. మైకు చేత్తో మూశాననుకుని, "తమ అభిప్రాయాలు తమరే రాశారు కదండీ?" అన్నారు. అది హాలంతా వినపడింది. ఆచార్యులవారు వెనక్కి చూశారు. వెనక వరసలోంచి ఆయన శిష్యులు, పాఠంలో ప్రశ్న అడిగినట్టు, ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మూడో పేరున్న కాగితాన్ని ప్రధాన సంపాదకులు మడిచి జేబులో పెట్టుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించారు.

భోజనాల దగ్గర ఆవిడ గోడవారగా ఒక్కతే నిలబడి ఉండగా ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ప్లేటు ఉంది గాని ఏమీ వడ్డించుకోలేదు.

"థర్మామీటర్ల వ్యాసం నాదేనండి. మీ దగ్గరికి మొదట వచ్చింది అదేనని ఉపసంపాదకులు ఇప్పుడే చెప్పారు." ప్లేటు చేతులు మార్చుకుంది. "మళ్ళీ కొలవండి, మళ్ళీ కొలవండి అని రెండుసార్లు తిప్పి పంపారు. ఈలోగా నాకు రావాల్సిన ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఎవరో పెద్దాయన అన్నారు కదా అని నోరు మూసుకుని చేశాను."

ఏడాదిగా తను రాసిన వాటి వెనక ఇలాంటి మొహం ఒకటి ఉంటుందని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు. మళ్ళీ కొలవడం మంచికేనని ఆయనైతే అనగలిగేవారు. ఆవిడ అనలేదు.

"నీకు అన్యాయం చేశాను తల్లీ. ఏం చేసినా తిరిగిరాదు."

అమ్మాయి దెబ్బలాడటానికే వచ్చింది. ఎదుటివాళ్ళు దెబ్బలాడకపోయేసరికి ఏడ్చింది. ఆవిడ ఆ ఖాళీ ప్లేటు అందుకుని పట్టుకుంది. కాసేపటికి అమ్మాయి మొహం తుడుచుకుని, "మరి మూడోసారి ఎందుకు ఒప్పుకున్నారు? నేను కొత్తగా ఏం మార్చలేదు" అంది.

"మూడోసారి నువ్వు కృతజ్ఞతలు అని రాయలేదు. విసుగొచ్చిందని తెలిసింది. నేను టైపు చేస్తూ విసుక్కుంటే ఆయనా అంతే, 'సరే బాగుంది, వేసుకోమను' అనేవారు."

"నిజంగా అలాగే అనేవారా?"

"మాటకి మాట."

అమ్మాయికి నవ్వొచ్చింది, ఇష్టం లేకుండానే. ప్లేటు తీసుకుని వడ్డన వైపు వెళ్ళిపోయింది. క్షమించానని మాత్రం అనలేదు.

పత్రికవాళ్ళు కొలతలాయన ఖాతా వాళ్ళ చేత్తోనే మూసేశారు. ఆయన పేరు మీద వచ్చిన వ్యాసాలన్నీ వేరేవాళ్ళకు మళ్ళీ పంపారు. ఉపసంపాదకుడు ఒకసారి ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, చేతులు జోడించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న ఆవిడ అలవాటు కొద్దీ కాఫీతో వచ్చి స్టూలు మీద కూర్చుంది. తెర మీద ఏమీ లేదు. చెవిలో కూడా ఏమీ లేదు. ఏడాది కిందట రావలసిన ఏడుపు అప్పుడొచ్చింది. కూతురు ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చేసరికి కూడా ఆగలేదు. కూతురు ఊరుకోమనలేదు, తనూ కూర్చుని ఏడ్చింది. నాన్నకోసం తల్లి ఎదుట ఏడవడం ఆ పిల్లకదే మొదలు.

ఆ తర్వాత రోజుల్లో కూతురు పడుకునే ముందు ఫోను చేసి, "నాన్న ఇంకా ఏమనేవారు?" అని అడిగేది. ఆవిడ చెప్పేది. కొన్ని ఆయన అన్నవి, కొన్ని అనగలిగినవి. ఏది ఏదో కూతురు అడగలేదు.

వేరేవాళ్ళకు పంపిన వ్యాసాల్లో చాలావాటికి ఆ ఏడాదంతా ఏ జవాబూ రాలేదు. పత్రికలో పరిశీలనకు పట్టే కాలం పెరిగి, పాత రికార్డు దాటింది. దీనికంతటికీ నైతిక బాధ్యత వహిస్తూ ప్రధాన సంపాదకులు పాలకమండలికి రాజీనామా పంపారు. అది ఇంకా పరిశీలనలోనే ఉంది.